బడి భోజనమును బాగుచేయుటకు స్వచ్ఛంద దళములు : మన అనుభవము, మన కర్తవ్యము

(శాఖా కార్యకర్తల అధ్యయన తరగతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠము)



బడి పిల్లల భోజనమును మెరుగుపరచుటకు స్వచ్ఛంద దళములను ఎట్లు నిర్మించవలెనను విషయముపై మాట్లాడుమని ఈ తరగతి నిర్వాహకులు కోరినారు. కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చూచిన కొందరు మిత్రులు నిన్న సాయంత్రమే మమ్ము నిలదీసినారు. "పింఛను సమస్య అట్లే ఉన్నది. ఖాళీలు నింపుట లేదు. ఒక్కొక్కరు ఇద్దరి పని చేయుచున్నారు. ఇవన్నియు ఉండగా పప్పును గురించి, గుడ్డును గురించి మాట్లాడుటకు ఇది సమయమా? అసలు మన పిల్లలలో ఎందరు సర్కారు బడికి పోవుచున్నారు?" అని అడిగినారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పిన తరువాతనే ముందుకు పోవుట మర్యాద.

మొదటి జవాబు. బడిలో వండు బియ్యము భారత ఆహార సంస్థ గిడ్డంగులనుండి వచ్చును. రాష్ట్రమునుండి రాష్ట్రమునకు ఆ సంస్థ తరలించు ధాన్యములో అత్యధిక భాగము రైలు వ్యాగన్లలోనే ప్రయాణము చేయును. ఆ వ్యాగన్లను కూర్చినవారు, నడిపినవారు, దారి ఇచ్చినవారు మనవారే. ఆ బియ్యము చేరిన ప్రతి పల్లెకు సంచి భుజమున వేసికొని పోవువాడు మన తపాలా సోదరుడే. ధాన్యమును గమ్యము చేర్చినవారికి అది పిల్లవాని కంచములో ఏమైనదో తెలిసికొను హక్కు కలదు.

రెండవ జవాబు. మన ఆఫీసర్ల పిల్లలు ఆ బడికి పోకపోవచ్చును, మనలో చాలమంది పిల్లలు కూడ పోకపోవచ్చును. కాని ప్లాటుఫారము ఊడ్చు కాంట్రాక్టు కార్మికురాలి కొడుకు పోవుచున్నాడు. పార్సిలు ఆఫీసు వద్ద మూటలు మోయు హమాలీ కూతురు పోవుచున్నది. గ్రామీణ డాక్ సేవకుని బిడ్డ పోవుచున్నాడు. కార్మికవర్గ ఐక్యతయని వేదికలపై పలుకు మనకు వీరి బిడ్డలు పరాయివారు కారాదు.

మూడవ జవాబు. పనిచేయు చోట భోజనము దయాధర్మము కాదనియు, హక్కు అనియు ఈ దేశములో ముందుగా నిరూపించినవారు కార్మికులే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 46వ సెక్షను, 250 మందికి మించి పనిచేయు కర్మాగారములలో క్యాంటీను ఏర్పాటు చేయించుటకు అధికారము ఇచ్చినది. క్యాంటీను నిర్వహణలో కార్మికుల ప్రతినిధులకు స్థానము కల్పించినది. మన వర్కుషాపులలో మనకు వచ్చిన ఈ అనుభవమును బడి వంటశాలకు తీసికొనిపోవుటయే నేటి విషయము.

బడి భోజనము నడచి వచ్చిన దారిని క్లుప్తముగా చెప్పుదుము. 1920లో మద్రాసు నగర సంస్థ తన బడిలో పిల్లలకు ఫలహారము పెట్టుటకు తీర్మానించినది. నాడు ఆ సంస్థకు అధ్యక్షుడు తెలుగు చేనేత కుటుంబమునకు చెందిన పిట్టి త్యాగరాయ సెట్టి. 1956లో కామరాజు ప్రభుత్వము మద్రాసు రాష్ట్రములో బడి భోజనమును విస్తరింపజేసినది. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము అక్కడ పౌష్టికాహార పథకమును పెద్ద ఎత్తున ఆరంభించినది. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకమును ప్రకటించినది. అయినను చాల రాష్ట్రములు వండి పెట్టక, నెలకింత బియ్యము కొలిచి ఇచ్చి చేతులు దులుపుకొన్నవి. పౌరహక్కుల ప్రజాసంఘము వేసిన వ్యాజ్యములో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశమిచ్చిన పిదపనే వండిన అన్నము పెట్టుట అన్ని రాష్ట్రములకు విధి అయినది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము దానిని చట్టబద్ధమైన హక్కు చేసినది. 2015లో నియమావళి వచ్చినది. 2021లో పథకమునకు పి.ఎం. పోషణ్ అను పేరు పెట్టినారు.

ఈ తేదీలను బట్టి ఒక సంగతి గ్రహింపవలెను. కాగితముపై హక్కు వచ్చిన ప్రతిసారియు, కాగితమునకు కంచమునకు నడుమ ఎవరో ఒకరు నిలిచి పనిచేయవలసి వచ్చినది. ఇప్పుడు ఆ పని మన వంతు వచ్చినది.

ఇక మా అనుభవము. ఇందులో గొప్ప చెప్పుకొనుటకు ఏమియు లేదు. ముందు మేము చేసిన తప్పునే చెప్పవలసి ఉన్నది.

మూడు సంవత్సరముల క్రితము ఒక జంక్షను పట్టణములో రైల్వే కాలనీ వెనుకనున్న ప్రాథమిక పాఠశాలను మేము ఎంచుకొన్నాము. పిల్లలు 140 మంది. వంటచేయువారు ముగ్గురు స్త్రీలు. శాఖా సర్వసభ్య సమావేశములో "ఎవరు వచ్చెదరు?" అని అడిగితిమి. ముప్పది చేతులు లేచినవి. మొదటి దినము పండ్రెండు మందిమి పోయినాము. బ్యాడ్జీలు పెట్టుకొని పోయినాము. గిన్నెల మూతలు మేమే తీసినాము. పప్పు నీళ్ళవలె ఉన్నది. కూరలో కూరగాయ ముక్క వెదకవలసి వచ్చినది. ఫోటోలు తీసినాము. ఆ సాయంత్రమే ఆగ్రహముతో ఒక ఫిర్యాదు వ్రాసి పై అధికారికి అందజేసినాము. మరుసటి వారము మా శాఖా సమావేశములో చప్పట్లు కొట్టుకొన్నాము.

పదవనాడు ఫలితము వచ్చినది. ముగ్గురిలో పెద్దదైన వంటమనిషికి తొలగింపు నోటీసు వచ్చినది. ఆమె పదకొండు సంవత్సరములుగా అక్కడ వండుచున్నది. భర్త లేడు. నోటీసు చూచి మిగిలిన ఇద్దరును పొయ్యి వెలిగించలేదు. రెండు దినములు బడిలో అన్నము లేదు. పిల్లలు గేటు ఎదుటి బడ్డీకొట్టులో అయిదు రూపాయల చిప్సు పొట్లములు కొనుక్కొని మధ్యాహ్నము గడిపినారు. డబ్బు లేని పిల్లలు కుళాయి నీళ్ళు త్రాగి కూర్చున్నారు. ఆరోగ్యకరమైన ఆహారమునకై మేము చేసిన మొదటి ఉద్యమము యొక్క ఫలితమిది.

అప్పుడు గాని మేము ఆమె ఇంటికి పోలేదు. ముందు పోవలసినది. ఆమె మమ్ము తిట్టలేదు. లోపలికి పోయి ఒక నోటుపుస్తకము తెచ్చి మా ముందు పెట్టినది. కిరాణా కొట్టు బాకీ, కూరగాయల బాకీ, గ్యాసు బండకు చేసిన అప్పు తేదీలవారీగా వ్రాసి ఉన్నవి. నాలుగు నెలలుగా బిల్లులు రాలేదు. ప్రభుత్వము ఇవ్వవలసిన సొమ్మును ముందుగా తానే అప్పు తెచ్చి పెట్టి, ఆ అప్పుతో 140 మంది పిల్లలకు వండుచున్నది. ఆమె అన్న మాటలను ఆమె మాటలలోనే చెప్పుదుము. "పప్పు పల్చగా ఉందని రాశారు, అది నిజమే అన్నా. కొట్టాయన కందిపప్పు అప్పివ్వడం మానేశాడని కూడా రాసుంటే అదీ నిజమే కదా. సగం నిజం రాసి నా మీద పెట్టారు."

మిత్రులారా! దోషమును మాత్రము వ్రాసి కారణమును వ్రాయని ఫిర్యాదు, అందరికంటె క్రిందనున్న మనిషి మీదనే పడును. ఇది మనకు తెలియని విషయము కాదు. ప్రమాదము జరిగినప్పుడు విచారణ పాయింట్స్‌మన్ వద్దనో, ట్రాక్‌మన్ వద్దనో ఆగిపోవుటను మనము ఎన్నిసార్లు ఎదుర్కొనలేదు? మనీయార్డరు ఆలస్యమైనచో పోస్టుమన్ వివరణ అడుగుట మనకు క్రొత్తయా? మన విషయములో అన్యాయమని ఎలుగెత్తు మనము, వంటశాలలో అదే అన్యాయమును మా చేతులతో చేసినాము.

తప్పు దిద్దుకొనుటకు ఇరువది దినములు పట్టినది. బిల్లుల బాకీ వివరములతో, పిల్లల తల్లుల సంతకములతో మరల వినతిపత్రము వ్రాసినాము. నోటీసు రద్దయినది. రెండు నెలల బిల్లులు విడుదలయినవి. నాటి నుండి మా దళము పుస్తకములో రెండు గళ్ళు గీసికొన్నది. ఎడమ గడిలో "కనిపించినది", కుడి గడిలో "కారణము". కుడి గడి నిండనిదే ఏ కాగితమును పైకి పంపరాదను నియమము పెట్టుకొన్నాము. ఈ ఉపన్యాసము మొత్తములో మీరు జ్ఞాపకముంచుకొనవలసినది ఈ ఒక్క నియమమే. మిగిలినవన్నియు దీనినుండి పుట్టినవే.

ఇప్పుడు దళమును ఎట్లు కూర్చవలెనో చెప్పుదుము.

సభలో చేతులెత్తించి దళమును కట్టకండి. మాకు లేచిన ముప్పది చేతులలో రెండవ వారమునకు మిగిలినవారు అయిదుగురు. తరువాత ఇంటింటికి పోయి, ఒక్కొక్కరితో కూర్చుండి, "పక్షమునకు ఒక దినము, ఒక గంట, మూడు నెలలు" అని కచ్చితముగా అడిగినాము. అట్లు ఒప్పుకొన్నవారు నిలిచినారు. పని ఎంతో, ఎంత కాలమో తెలిసినప్పుడు మనిషి మాట ఇచ్చును. ఇచ్చిన మాట నిలుపుకొనును. మూడు నెలలు పూర్తి అయిన పిదప గౌరవముగా విడిచిపెట్టవలెను. కొనసాగుట వారి ఇష్టము.

ఒక బడికి ఏడుగురు చాలును. వారిలో కనీసము ఇద్దరు ఆ బడి పిల్లల తల్లులై ఉండవలెను. వారు లేని దళము బయటివారి దళమే అగును. ఇద్దరు పదవీ విరమణ చేసినవారు ఉండిన మంచిది. మధ్యాహ్నము వారికి తీరిక ఉండును. గార్డుగా పనిచేసిన పెద్దలు నిమిషము తప్పక వత్తురు, చూచినది చూచినట్లు వ్రాయుదురు. తపాలా కార్యాలయములో లెక్కలు చూచినవారికి పుస్తకము అప్పగించండి. ఊరిలో ఎవరి ఇల్లు ఎక్కడో ఎరిగిన పోస్టుమన్, తల్లిదండ్రులను కలిసికొను పని చేయవలెను. శాఖా కార్యదర్శియు, అధ్యక్షుడును ఈ ఏడుగురిలో ఉండకుండుటయే మేలు. వారు వచ్చిన చోట పని సభగా మారుచున్నది.

దళమునకు రోస్టరు వేయండి. ఇద్దరికి మించి ఒకసారి పోరాదు. ప్రధానోపాధ్యాయుని అనుమతి, పాఠశాల యాజమాన్య కమిటీ అంగీకారము ముందుగా పొందవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే; సభ్యులలో సగము మంది స్త్రీలు. చట్టము అధికారమిచ్చినది వారికి. మనము వారికి తోడు పోవువారము. గిన్నె మూత మనము తీయరాదు. పిల్లల ముఖములు కనిపించునట్లు ఫోటోలు తీయరాదు. పోయిన మొదటి నెల ఏమియు వ్రాయక, పిల్లలతో కూర్చుండి తినుట మాత్రమే చేయండి. వంటచేయువారు మనలను నమ్మిన తరువాతనే నిజము తెలియును.

ఏమి చూడవలెను? రుచి గూర్చి వాదములు పెరుగును. కొలతకు వాదము లేదు. ప్రాథమిక తరగతుల పిల్లవానికి దినమునకు బియ్యము 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. మొత్తము 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెను. ఆరు నుండి ఎనిమిది తరగతులవారికి బియ్యము 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. అనగా మేము చెప్పిన బడిలో 140 మంది వచ్చిన దినమున 14 కిలోల బియ్యము, 2 కిలోల 800 గ్రాముల పప్పు, 7 కిలోల కూరగాయలు, 700 గ్రాముల నూనె పడవలెను. మేము తూచిన మొదటి దినమున పడిన పప్పు కిలోన్నర. ఈ లెక్కను ఒక అట్టపై వ్రాసి వంటశాల గోడకు తగిలించినాము. ఆ అట్ట వంటచేయువారిని పట్టుకొనుటకు కాదు. "ఇంత వేయవలెను, ఇంత తెచ్చుటకు నాకు డబ్బు ఇవ్వండి" అని అడుగుటకు అది వారికే ఆయుధమైనది.

గుడ్డు, చిక్కీ, రాగిజావ వంటివి ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రము నిర్ణయించును. మీ రాష్ట్రపు వారపు పట్టికను తెప్పించుకొని దానితోనే పోల్చి చూడండి. ప్రక్క రాష్ట్రపు పట్టికతో పోల్చి ఇక్కడి వంటమనిషిని నిందింపరాదు. ఖరగపూరులోను, నాగపూరులోను, బిలాసపూరులోను తరతరములుగా రైల్వే పని చేయుచున్న మన తెలుగు కుటుంబములవారు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. అక్కడ పట్టిక వేరు, వంట తీరు వేరు. చట్టము మాత్రము ఒక్కటే. అక్కడ దళమును తెలుగువారి దళముగా కట్టకండి. ఆ బడిలో ఏ భాష తల్లులు ఉన్నారో ఆ భాష తల్లులతో కట్టండి.

శుభ్రత విషయములో ఉపేక్ష పనికిరాదు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా ధర్మసతి గండామన్ గ్రామములో బడి అన్నము తిని 23 మంది పిల్లలు చనిపోయినారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది. కనుక మా దళము పోయిన ప్రతిసారి మొదట చూచునది నూనె డబ్బా. అది మూతబిగువుగా ఉన్నదా, దానిని ఎక్కడ ఉంచినారు, ఆ చోట మరేదైన మందు, ఫినాయిలు ఉన్నవా? తరువాత చూచునది, పిల్లలకు వడ్డించుటకు ముందు పెద్దలు రుచి చూచినారా, చూచినట్లు పుస్తకములో సంతకము ఉన్నదా? చేతులు కడుగుటకు నీళ్ళు, సబ్బు ఉన్నవా? ఈ మూడు ప్రశ్నలు ఎన్నడును మానరాదు.

మరొక ప్రశ్నను నోటితో అడుగరాదు, కన్నులతో చూడవలెను. పిల్లలందరు కలిసి కూర్చున్నారా? ఎవరినైన ప్రక్క వరుసలో కూర్చుండబెట్టినారా? 2004 ఏప్రిలులో సుప్రీంకోర్టు వంటపని నియామకములలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమీయవలెనని ఆదేశించినది. అయినను వండిన చేతిని చూచి అన్నము వద్దను పెద్దలు నేటికిని ఉన్నారు. అటువంటి చోట ఉపన్యాసములు పనికిరావు. దళమువారు ఆమె వండిన అన్నమును ఆ పిల్లల వరుసలో కూర్చుండి తినవలెను. మరునాడు తినవలెను. ఆ మరునాడును తినవలెను.

ఇక గేటు వెలుపలి సంగతి. కంచములో పప్పు చిక్కబడినంత మాత్రమున మన పని తీరదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో చేసిన నిబంధనలు 2021 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినవి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగానున్న పదార్థములను బడి ఆవరణలోను, గేటునుండి 50 మీటర్లలోపలను పిల్లలకు అమ్మరాదని అవి చెప్పుచున్నవి. మన ఊళ్ళలో ఆ 50 మీటర్లు ఎట్లున్నవో మీకే తెలియును. 2025లో కేంద్ర మాధ్యమిక విద్యా మండలి తన బడులలో చక్కెర బోర్డులు పెట్టుమని ఆదేశించినది. ఒక్కొక్క పానీయములో, ఒక్కొక్క పొట్లములో చక్కెర ఎంత ఉన్నదో పిల్లలు కన్నులారా చూచుటకు ఆ బోర్డులు. మన పిల్లలలో చాలమంది చదువు కేంద్రీయ విద్యాలయములు ఆ మండలి క్రిందివే. కనుక ఈ ఉద్యమము పరుల పిల్లలకు మాత్రమే అనుకొనకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 సంవత్సరముల ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆ లెక్కలో కాలనీ క్వార్టర్ల పిల్లలును ఉన్నారు.

అయితే బడ్డీకొట్టువాని వద్దకు పోలీసుతో పోకండి. అతడును పొట్టకూటికి కొట్టు పెట్టినవాడే. మేము అతనితో మూడుసార్లు మాట్లాడినాము. పల్లీ ఉండలు, గుగ్గిళ్ళు, జామకాయలు, అరటిపండ్లు ముందు వరుసలో పెట్టుటకు ఒప్పించినాము. చిప్సు పొట్లములు పూర్తిగా పోలేదు. అవి వెనుకకు జరిగినవి. ఆ కుడి గడిలో అతని కారణమును కూడ వ్రాసికొన్నాము: పండు రెండు దినములలో చెడును, పొట్లము నెలలు నిలుచును. చెడిన పండ్ల నష్టమును తగ్గించుటకు, తల్లుల సంఘమువారు శనివారము మిగిలినవి కొనుచున్నారు.

కాగితములు నడుపు విధానము మీకు చెప్పనక్కరలేదు. ముందు ప్రధానోపాధ్యాయుడు, తరువాత యాజమాన్య కమిటీ తీర్మానము, తరువాత మండల విద్యాధికారి, అటుపైన జిల్లా. ఒక కాగితములో ఒక్కటే కోరిక ఉండవలెను. చేతికి ఇచ్చిన రశీదు, స్పీడు పోస్టులో పంపిన రశీదు దాచవలెను. బిల్లుల వివరములకు 2005 నాటి సమాచార హక్కు చట్టము ఉన్నది. 30 దినములలో జవాబు రావలెను. 2015 నియమావళిలో మరి మూడు అంశములు ఉన్నవి. భోజన నిధులు అయిపోయినచో బడిలోని ఇతర నిధులను తాత్కాలికముగా వాడుటకు ప్రధానోపాధ్యాయునికి అధికారము ఉన్నది. అన్నము పెట్టని దినమునకు ధాన్యమును, వంట ఖర్చు సొమ్మును పిల్లలకు భత్యముగా మరుసటి నెల 15వ తేదీలోపల ఇవ్వవలెను. వరుసగా మూడు బడి దినములు గాని, నెలలో అయిదు దినములు గాని భోజనము పెట్టనిచో బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వము తేల్చవలెను. ఈ మూడింటిని మన దళములవారు కంఠస్థము చేయవలెను. మేము తెలియక మొదట వాడుకొనలేదు.

మన ఉద్యోగ నియమములను కూడ మరువరాదు. ప్రవర్తనా నియమావళి 15వ నియమము విధులకు భంగము లేకుండ గౌరవ హోదాలో సామాజిక సేవ చేయుటను అనుమతించును. కాని 12వ నియమము ముందు అనుమతి లేకుండ చందాలు వసూలు చేయుటను నిషేధించును. కావున దళము పేరున రూపాయి వసూలు చేయకండి. డ్యూటీ సమయములో పోకండి. యూనిఫారముతో పోకండి. పైగా చందాలతో గుడ్లు కొని పెట్టిన శాఖలను మేము ఎరుగుదుము. రెండు నెలలు పెట్టి మానినారు. ప్రభుత్వము చేయవలసిన పనిని మనము అరకొరగా చేసినచో, అది చేయనక్కరలేదను ధైర్యమును ప్రభుత్వమునకు ఇచ్చినవారమగుదుము.

చివరి అంశమునకు వచ్చినాము. ఇదియే అన్నిటికంటె ముఖ్యము.

వంటచేయు స్త్రీని కార్మికురాలని పిలువరు. ఆమెకు ఇచ్చునది జీతము కాదట, గౌరవ వేతనమట. 2009లో కేంద్రము దానిని నెలకు 1,000 రూపాయలుగా, సంవత్సరమునకు పది నెలలకు మాత్రమే నిర్ణయించినది. ధరలు ఎంత పెరిగినను ఏండ్ల తరబడి కేంద్రపు లెక్కలో అది కదలలేదు. రాష్ట్రములు తమకు తోచినంత కలుపుచున్నవి. తపాలా మిత్రులారా, ఈ మాట మీకు ఎక్కడనో విన్నట్లు లేదా? "ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్" అను పేరుతో మన సోదరులను దశాబ్దముల పాటు శాఖ వెలుపల నిలిపినారు. పేరు మార్చి గ్రామీణ డాక్ సేవకులన్నారు. పూర్తి ఉద్యోగి హోదాకై వారి పోరాటము నేటికిని సాగుచున్నది. రైల్వే మిత్రులారా, మన క్యాంటీను కార్మికులను మీరు మరచినారా? వారు రైల్వే ఉద్యోగులు కారని వాదించిన దినములు ఉండినవి. 1990లో ఎం.ఎం.ఆర్. ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చట్టబద్ధమైన క్యాంటీన్లలోను, గుర్తింపు పొందిన ఇతర క్యాంటీన్లలోను పనిచేయువారిని రైల్వే ఉద్యోగులుగా పరిగణింపవలెనని తీర్పు చెప్పినది. మనకు వండినవారు ఉద్యోగులైనారు. మన దేశపు పిల్లలకు వండువారు ఏల కాకూడదు? 2013 మేలో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ పథక కార్మికులను కార్మికులుగా గుర్తింపవలెనని సిఫారసు చేసినది. ఆ సిఫారసు అమలు కొరకు వారు చేయు పోరాటములో మన జెండా వారి ప్రక్కన ఉండవలెను.

ఆరోగ్యకరమైన భోజనము వేరు, వంటకార్మికుల వేతనము వేరు అని వాదించువారు మనలోను ఉన్నారు. కిరాణా కొట్టుకు బాకీపడి, తన కూలి రాక, రేపటి పప్పుకు ఎవరిని అడుగవలెనాయని రాత్రి నిద్రలేని మనిషి, నిండు కొలతతో ఎట్లు వండగలదు? ఈ రెండును ఒక్క సమస్యయే. ఆమె చెప్పిన పూర్తి నిజము ఇదియే.

ఆ జంక్షను పట్టణములో నేటి స్థితి చెప్పి ముగింతుము. అద్భుతములు జరుగలేదు. బిల్లులు ఇప్పటికిని ఆలస్యముగానే వచ్చుచున్నవి. కాని ఆలస్యమైన పదునైదవనాడే తల్లుల సంతకములతో కాగితము పోవుచున్నది. నాలుగు నెలల బాకీ మరల ఎన్నడును పడలేదు. పప్పు చాల దినములు 2 కిలోల 800 గ్రాములు పడుచున్నది. పడని దినమున ఎందుకు పడలేదో కుడి గడిలో వ్రాసి ఉండును. ఆ గడిని ఇప్పుడు నింపుచున్నది మా దళమువారు కారు. నాడు మేము నోటీసు ఇప్పించిన ఆ పెద్ద వంటమనిషియే తన చేతితో నింపుచున్నది.

మీ శాఖకు తిరిగి పోయిన పిదప పది బడులను ఎంచుకొనకండి. ఒక్క బడిని ఎంచుకొనండి. సభ పెట్టకండి, ఏడుగురి ఇండ్లకు పోండి. వంటచేయు అక్కచెల్లెండ్ర ఇంటికి అందరికంటె ముందు పోండి. మేము చేసిన తప్పును మీరు మరల చేయనక్కరలేదు. మూడు నెలల తరువాత మీ పుస్తకములోని రెండు గళ్ళను ఈ పత్రికకు వ్రాసి పంపండి. ఇతర శాఖలవారు వాటిని చదివి నేర్చుకొందురు.



కార్మికుల ఐక్యత వర్ధిల్లవలెను!